తోమిన అద్దం

మైపాడు,
19 సెప్టెంబరు 1965.

ప్రేమా,

నేను క్షేమమే. నా ముక్కు సంగతి మాత్రం చెప్పలేను. మా కాలేజీ కమిటీ వాళ్ళకు ఇక్కడ సముద్రం ఒడ్డున ఒక బంగళా ఉందని చెప్పాను గదా, దాని వరండాలో కూర్చుని రాస్తున్నాను. గాలి అటునుంచి వీస్తే ఎండు చేపల వాసన, ఇటునుంచి వీస్తే నా చేతుల వాసన. సబ్బు సగం అరిగింది, కంపు అరగలేదు.

ఈ బంగళా మేడమీద ఒక టెలిస్కోపు ఉంది. ఎప్పుడో ఉప్పు శాఖలో పనిచేసిన దొర ఒకడు పోతూ పోతూ వదిలేసి పోయినాడట. అద్దాలతో పనిచేసే రకం. నిలువెత్తు గొట్టం, దాని అడుగున చిన్న పళ్ళెమంత గుండ్రటి అద్దం, మూతి దగ్గర వాలుగా ఇంకో బుల్లి అద్దం. కమిటీ ప్రెసిడెంటు చెంచురామయ్యగారికి, అదే మీ కోవూరు రైసుమిల్లు ఆయనకు, దసరా సెలవులయ్యాక కలెక్టరుగారిని పిలిచి దీంట్లో చంద్రుణ్ణి చూపించాలని బుద్ధి పుట్టింది. ముందుగా ఆయన చూశాడు. చంద్రుడు పాలలో పడ్డ రొట్టెముక్కలా కనబడ్డాడట. దాంతో అద్దాలు తీసి శుభ్రం చేయమని ఫిజిక్సు హెడ్డుగారు, అంటే సాక్షాత్తూ మీ అన్నయ్య కామాక్షయ్యగారు, డిమాన్‌స్ట్రేటరు ఆనందకుమారిని, అంటే నన్ను, ఆజ్ఞాపించారు.

గొట్టం లోపల ఏముందో చెబితే ఇవాళ నీకు అన్నం సయించదు, అయినా చెబుతాను. కందిరీగల మట్టిగూళ్ళు. ఎండి అట్టకట్టిన బల్లి. ఆ బల్లి బతికున్నన్నాళ్ళూ కూడబెట్టిన ఆస్తి. ఉప్పుగాలికి తడిసి బంకగా మారిన దుమ్ము. ఎలుక కూడా ఉండేది, దాన్ని ముక్కుతోనే కనిపెట్టాను. మీ అన్నయ్య చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని గడప దగ్గరే నిలబడి, "జాగ్రత్త, జాగ్రత్త" అంటున్నారు. ఒక్క స్క్రూ ముట్టుకుంటే ఒట్టు.

పనంతా నేనూ, మా లాబ్ అటెండరు జకరయ్యా చేశాం. ఇద్దరిదీ ఒకే చర్చి కాబట్టి నన్ను సొంత మేనకోడలి కింద జమకట్టుకున్నాడు. నోట్లో పొగాకు, మాట మాటకీ పిట్టగోడ మీంచి కిందికి ఉమ్మడం. లాబ్‌లో స్పిరిటు ఎందుకంత తొందరగా ఆవిరైపోతుందో ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. అయినా చెయ్యి మాత్రం వణకదు. గొట్టాన్ని అడ్డంగా పడుకోబెట్టి ముందు చిన్న అద్దం విప్పాం, పెద్దది తీస్తుంటే ఊడి దాని మీద పడకుండా. తర్వాత అడుగున అద్దాన్ని పట్టుకున్న ఇత్తడి పళ్ళెం. దాని స్క్రూలు వదులు చేసేముందు పళ్ళేన్నీ గొట్టాన్నీ కలుపుతూ పెన్సిలుతో ఒక గీత గీశాను. మళ్ళీ పెట్టేటప్పుడు ఆ గీతలు కలిస్తే అద్దం తన చోట కూర్చుంటుంది. నేనొక పక్క, జకరయ్య ఒక పక్క పట్టి, పసిబిడ్డను తీసినట్టు బయటికి తీశాం.

అద్దం నేను భయపడ్డంత చెడలేదు. అంచుల్లో నల్లబడింది, నడుమ వెండి ఇంకా బాగుంది. డిస్టిల్డు వాటరు ధారగా పోసి, తడిదూదిని దానంతట దాని బరువుతోనే జరిపాను. ఇంట్లో అద్దాలకు పూత వెనక ఉంటుంది, గాజు దానికి కాపలా. దీనికి పూత పైనే, ఊదితే పోతుందేమో అన్నంత పలచన. రెండో ఏడు లాబ్‌లో ఇదే చెబుతుంటే నువ్వు వేలు పెట్టబోయావు, మిస్ స్కేలుతో నీ చేతి మీద ఒకటి వేసింది, గుర్తుందా?

గొట్టానికి లోపల నల్లరంగు వేసి ఆరబెట్టాలి. అందాకా అద్దాలు దూదిలో చుట్టి, పెట్టెలో పెట్టి, కాలేజీ బీరువాలో దాచమని మీ అన్నయ్యకు ఇచ్చాను. పైన వెండి ఉంది, ఎవరినీ తాకనివ్వొద్దు సార్ అని మరీ మరీ చెప్పాను. వచ్చే ఏడు ఎమ్మెస్సీ సీటుకు సిఫారసు ఉత్తరం రాస్తానన్నారు. లేకపోతే బల్లి ఆస్తి కడగడానికి నాకేం ఖర్మ?

నీ
ఆనంది


మద్రాసు,
25 సెప్టెంబరు 1965.

ఆనందీ,

నీ జాబు మావారికి చదివి వినిపిస్తే బల్లి దగ్గర కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. నీ నోరు మారలేదు, చేతులు కూడా మారలేదన్నమాట. హాస్టల్లో మోరీ పూడుకుపోతే దొడ్లు కడిగేదానికోసం ఎదురుచూడకుండా నువ్వే పుల్ల పెట్టి పొడిచావు, అందరం మెట్లెక్కి నిలబడి చూశాం.

అన్నయ్యను అంత ఎగతాళి చేయకు. వచ్చే వేసవిలో ప్రిన్సిపాలు గారు దిగిపోతున్నారు. ఆ కుర్చీ అన్నయ్యకే వస్తుందని అమ్మ ఇప్పట్నించే మొక్కుకుంటోంది. చెంచురామయ్యగారి కంట్లో పడాలంటే ఈ టెలిస్కోపు ఒక మంచి అవకాశం. నువ్వు దగ్గరుండి బాగా చేయించు. నీ సీటు సంగతి నేను గుర్తు చేస్తూనే ఉంటాను.

దసరాకు నేను కోవూరు రావడం కుదరదేమో. అత్తగారి తరఫు వాళ్ళెవరో వస్తారంటున్నారు. వస్తే నిన్ను చూడకుండా పోతానా?

నీ
ప్రేమ


నెల్లూరు,
11 అక్టోబరు 1965.

ప్రేమా,

సెలవులయ్యాక ఇవాళే పెట్టె తెరిచాను. దూది మధ్య గాజు ఉంది, అద్దం లేదు. పెట్టె అడుగున పరిచిన పాత పేపరు అక్షరాలు దాంట్లోంచి చదువుకోవచ్చు. బాత్‌రూమ్ కిటికీకి పెట్టుకోవడానికి తప్ప ఇక దేనికీ పనికిరాదు. చిన్న అద్దం మాత్రం దూదిలో అలాగే ఉంది.

ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. పులిసిన చింతపండు. అంచు చుట్టూ పసుపు. వెనక ఎండిన గంధం బొట్టు, దాని మీద కుంకుమ. ఇత్తడి పళ్ళెం పెళ్ళిలో బిందెలా మెరిసిపోతోంది. ఎవరో దీన్ని ఆయుధపూజలో పెట్టారు. పెడితే పెట్టారు, దండం పెట్టుకుంటే పూత పోదు. కానీ పూజకు ముందు చింతపండూ బూడిదా వేసి, గుళ్ళో దీపపు సెమ్మెను తోమినట్టు తోమారు. బల్లిని చూసినప్పుడు కూడా ఇంత అసహ్యం వేయలేదు. అది పాపం తెలియక చచ్చింది.

మీ అన్నయ్య దగ్గరికి పరిగెత్తాను. ఆయన ఆశ్చర్యపోలేదు. అది నాకు అప్పుడే వింతగా తోచింది. ఆయన చెప్పిందేమంటే, సెలవుల ముందు లాబ్ సామానంతా తోమమని జకరయ్యకు చెప్పారట, బీరువా తాళం కూడా ఇచ్చారట, ఆ మూర్ఖుడు దీన్నీ తోమేశాడట. జకరయ్య ఇంట్లో కుంకుమ ఎక్కడిది సార్, అని అడిగాను.

"మీవాడని వెనకేసుకు రావద్దు, ఆనందకుమారీ" అన్నారు.

మెల్లగానే అన్నారు. కోపంగా అని ఉంటే బాగుండేది.

తూర్పున తోకచుక్క రాబోతోందని పేపర్లలో పడింది గదా. చెంచురామయ్యగారు ఇప్పుడు చంద్రుణ్ణి వదిలేసి తోకచుక్క పట్టుకున్నారు. కలెక్టరుగారికి చెప్పేశారు కూడా. అద్దం లేదంటే ఎవరో ఒకరి మెడకు చుట్టాలి. కమిటీ కూర్చోబోతోంది. జకరయ్య అద్దాన్ని తోముతుంటే నేను కళ్ళారా చూశానని ఒక కాగితం టైపు చేయించి నాముందు పెట్టారు. కింద నా పేరు, పేరు పైన ఖాళీ.

జకరయ్యను నిలదీశాను. "స్పిరిటు తాగినావంటే ఒప్పుకుంటా టీచరమ్మా. చింతపండు గాజుకు పూసేదానికి నాకేం పిచ్చా? ఇంట్లో పులుసుకే లేదు" అన్నాడు. అని ఉమ్మేశాడు. తర్వాత గోడ పట్టుకుని కూర్చున్నాడు. ఉద్యోగం పోతే రెబెక్కమ్మకు ఏం చెప్పాలి అన్నాడు. రెబెక్కమ్మ ఆయన భార్య. నాకు ఆ మనిషంటే ఇష్టం లేదు ప్రేమా, ఇప్పటికీ లేదు. కానీ ఇది ఆయన పని కాదు.

ఏం చేయమంటావు?

ఆనంది


మద్రాసు,
15 అక్టోబరు 1965.

ఆనందీ,

నీ జాబు చూసి రెండు రోజులు నిద్ర లేదు. నువ్వు ఊరికే మనసు పాడుచేసుకుంటున్నావు. జరిగిందేదో జరిగింది. ఎవరు తోమారన్నది తేల్చితే పోయిన వెండి తిరిగొస్తుందా? ఇక్కడ మద్రాసులో పూత వేసేవాళ్ళున్నారు, మావారికి తెలుసు. గీతలు పడ్డా పైన పూత వేస్తే అంతగా కనబడవు. అద్దం మళ్ళీ అద్దమవుతుంది.

అన్నయ్య మాత్రం ఒకసారి చెంచురామయ్యగారి దృష్టిలో దిగజారిపోతే మళ్ళీ లేవలేడు. జకరయ్యకేం, స్పిరిటు సంగతి నువ్వే రాశావు, ఎప్పటికైనా పోయే ఉద్యోగమే. అన్నయ్యతో చెప్పి ఎక్కడైనా తోట కాపలాకు పెట్టించే పూచీ నాది. నువ్వు సంతకం పెట్టి ఊరుకో. సిఫారసు ఉత్తరం ఆ మర్నాడే నీ చేతికి వస్తుంది, నేను మాటిస్తున్నాను.

నువ్వు చదువుకోవలసినదానివి ఆనందీ. ఒక అటెండరు కోసం నీ బతుకు ఎందుకు ఆపుకుంటావు?

నీ
ప్రేమ


నెల్లూరు,
19 అక్టోబరు 1965.

ప్రేమలీలకు,

గాజు మీద గీతలు పడ్డాయని నేను రాయలేదు. కావాలంటే నా జాబు తీసి చూసుకో. పసుపు రాశాను, గంధం రాశాను, పులుపు రాశాను. గీతలు ఉన్నాయి, నిజమే, దీపం ఏటవాలుగా పెట్టి చూస్తే కొబ్బరిపీచు తిరిగిన చోటల్లా సున్నాలు సున్నాలుగా కనబడతాయి. మద్రాసులో ఉన్నదానివి, నీకెలా కనబడ్డాయి?

అందుకని నిన్న బస్సెక్కి, పెన్న దాటి, మీ కోవూరు ఇంటికి వెళ్ళాను. మీ అన్నయ్య కాలేజీలో ఉన్నారు. మీ అమ్మగారు వెంకటశేషమ్మగారు నన్ను చూసి నిజంగానే సంతోషించారు. మా ప్రేమ స్నేహితురాలివా, అని పంచలో బల్ల చూపించి కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చారు. ఇంట్లో అందరికీ ఇత్తడి గ్లాసులు, నాకు గూట్లోంచి తీసిన గాజు గ్లాసు. తాగాక నేనే తొట్టి దగ్గర కడిగి బోర్లించాను. ఎవరూ కడగమనలేదు. ఎవరూ వద్దని కూడా అనలేదు.

నేను అద్దం ఊసెత్తగానే ఆమె తానే మొదలుపెట్టారు. ఏమీ దాచలేదు. దాచవలసింది ఉందని ఆమెకు తెలిస్తే గదా.

"వెండి వెండి అని అబ్బాయి చంకన పెట్టుకొచ్చినాడమ్మా. మీ కాలేజీని ఎవరో బాగా మోసం చేసినారు. పీచేసి నాలుగు రుద్దులు రుద్దేసరికి వెండంతా పోయి ఒట్టి గాజు మిగిలింది. కాయితం మందం గూడా లేదు."

పూజలో పెట్టే వస్తువును అసలెందుకు తోమారండీ, శుభ్రంగానే ఉంది గదా, అన్నాను. నేనే కడిగాను, నా కంటె బాగా ఎవరికి తెలుసు?

ఆమె నా మోకాలి మీద చెయ్యి వేయబోయి, మడిలో ఉన్నారేమో, వెనక్కి తీసుకున్నారు. "నువ్వు ముట్టుకున్నావని గాదులే తల్లీ. నువ్వు మా పిల్లలాంటిదానివి. ఆ జకరయ్య గూడా ఒక పక్క పట్టుకున్నాడంట గదా. దేవుడి ముందర పెట్టేది, చింతపండేసి తోమితే ఏ దోషమూ ఉండదు. ఎవురెవురు పట్టుకున్నారో ప్రేమే చెప్పింది. నువ్వు జాబులో రాసినావంట. నీళ్ళు గూడా అదే పోసింది."

దసరాకు రావడం కుదరదన్నావు. వచ్చావు. పెన్న ఇవతల నేనున్నాను, నువ్వు అవతల మీ దొడ్లో నిలబడి నా చేతులు తాకిన చోట నీళ్ళు పోశావు.

నీ జవాబు కోసం ఆగుతాను. కమిటీ మాత్రం నాకోసం ఆగదు.

ఆనందకుమారి


మద్రాసు,
23 అక్టోబరు 1965.

ఆనందీ,

ఏడ్చి ఏడ్చి రాస్తున్నాను, అక్షరాలు చూసి నువ్వే తెలుసుకో.

వచ్చిన మాట నిజం. అత్తగారూ, ఆడబిడ్డా కూడా వచ్చారు, వాళ్ళను వదిలి అడుగు బయట పెట్టడానికి లేదు. అమ్మ అడిగింది, ఇది ఎవరి చేతుల మీదుగా వచ్చిందీ అని. అన్నయ్య చెప్పలేదు. నేను చెప్పాను. అబద్ధం చెప్పమంటావా? అమ్మకు మడి ఒక్కటే మిగిలింది ఈ లోకంలో.

పూత పోతుందని నాకు తెలియదా? తెలుసు. అమ్మ పీచు చేతికి తీసుకున్నప్పుడే నాలుక చివరిదాకా వచ్చింది. అన్నయ్య అక్కడే నిలబడి ఉన్నాడు. ఫిజిక్సులో ఎమ్మే చదివిన వాడు నోరెత్తలేదు. నేను అప్పుడు తోమొద్దని అంటే, ఎందుకు తోమొద్దు అని అడుగుతారు. పూత సంగతి చెబితే అత్తగారికి ఏం అర్థమవుతుంది? నా స్నేహితురాలు ముట్టుకుంటే ఏమైంది అని నేను వాదిస్తున్నట్టే వింటుంది. మనం హాస్టల్లో ఒకే కంచంలో తిన్నామని మా అమ్మకే ఈనాటి వరకు తెలియదు ఆనందీ, ఇక ఆ ఇంట్లో తెలిస్తే నన్ను వంటింట్లోకి రానిస్తారా? నీకు వాదించడం తేలిక. వాదించి నువ్వు మీ ఇంటికి పోతావు. నేను ఎక్కడికి పోవాలి?

సంతకం పెట్టొద్దులే. నాకేమీ తెలియదని కమిటీలో చెప్పు చాలు. అమ్మ పేరూ, నా పేరూ రానివ్వకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

ప్రేమ


నెల్లూరు,
7 నవంబరు 1965.

శ్రీమతి ప్రేమలీలగారికి,

కమిటీ కూర్చుంది. మీ అన్నగారు రాసి ఉంటారు, ఆయన రాయని భాగం నేను రాస్తున్నాను.

జకరయ్యను తలుపు పక్కన నిలబెట్టారు. ఆరోజు పొగాకు లేదు, చొక్కా ఉతికింది. ఎవరు తోమారో నీకు తెలుసా అమ్మా, అని చెంచురామయ్యగారు నన్ను అడిగారు. తెలుసునన్నాను. అద్దం కాలేజీలో తోమలేదు, కామాక్షయ్యగారు కోవూరు తీసుకుపోయారు, అక్కడ ఆయన ఎదుటే తోమారు అని చెప్పాను. ఎందుకు తోమారని చెంచురామయ్యగారు అడిగారు.

"నేనూ జకరయ్యా ముట్టుకున్నామని" అన్నాను.

గదిలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా బల్ల మీది గుడ్డ చూడడం మొదలుపెట్టారు. చాలా మామూలు గుడ్డ. మీ అన్నగారు ఏదో అనబోయి నీళ్ళు తాగారు. చివరికి చెంచురామయ్యగారే, ఈ కాలంలో అట్లాంటివి ఎవరు పాటిస్తున్నారమ్మా, పెద్దవాళ్ళేదో అలవాటు కొద్దీ చేస్తారు, దేవుడి పనిలో జరిగినదానికి తప్పులెంచకూడదు అన్నారు. అందరికీ ఊపిరి వచ్చింది. తోకచుక్క మామూలు కళ్ళకే కనబడింది కాబట్టి కలెక్టరుగారికి కూడా టెలిస్కోపు అక్కర్లేకపోయింది. ఇక మిగిలింది జకరయ్య. చెంచురామయ్యగారు ఆయన వైపు తిరిగి, సరే పోరా, ఈసారికి మన్నించినాం, అన్నారు.

ఏం చేశాడని మన్నించారండీ, అని నేను అడుగుతూనే ఉన్నాను. ఈలోగా జకరయ్య వచ్చి మీ అన్నగారి కాళ్ళ మీద పడ్డాడు. మీ అన్నగారు కాళ్ళు వెనక్కి తీసుకున్నారు, తగలకుండా.

బయట వరండాలో జకరయ్యను పట్టుకుని కడిగేశాను. సిగ్గులేదా అన్నాను, నీ తరఫున నేను లోపల నోరు నొప్పి పుట్టేలా మాట్లాడుతుంటే నువ్వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడతావా అన్నాను. ఆయన అప్పటికే పొగాకు నలుపుకుంటున్నాడు.

"మీరు మాట్లాడినందుకు గాదు టీచరమ్మా, నేను పడినందుకు ఉంచినారు. ఇద్దరం నిలబడుంటే ఇద్దర్నీ పంపించి ఉండరా?" అన్నాడు.

ఆ రోజంతా నాకు అందరి మీదా రోత పుట్టింది, గోడ మీద ఉమ్మిన మరక మీదా, బల్ల మీది గుడ్డ మీదా, మన్నించామన్న మాట విని ఒక్క క్షణం నేను కూడా హమ్మయ్య అనుకున్నందుకు నా మీదా.

మీ పేరు నేను చెప్పలేదు. మీ అమ్మగారి పేరు కూడా. దయ తలచి కాదు. మీ పేరు చెబితే మీరు బి.ఎస్సీ. చదివారని, నాతో ఒకే బల్ల దగ్గర చదివారని కూడా చెప్పవలసి వచ్చేది. అది చెప్పుకోవడానికి నాకు సిగ్గేసింది.

సిఫారసు ఉత్తరం రాదని తెలుసు, అడగలేదు. ఉద్యోగం మానుతానని అనుకుంటున్నారట, మానను. రోజూ వస్తాను, పిల్లలచేత ప్రయోగాలు చేయిస్తాను, మీ అన్నగారికి నమస్కారం పెడతాను. ఆ టెలిస్కోపును మాత్రం ఇకమీద తాకను. తాకనని కాగితం మీద రాసి ఇచ్చాను.

పెద్ద అద్దాన్ని పూత వేయించడానికి మీ దగ్గరికే పంపుతున్నారని విన్నాను. వేయించాక మీరే తెచ్చి బిగించాలి, మీ అన్నగారికి చేతకాదు. గొట్టాన్ని అడ్డంగా పడుకోబెట్టండి. పెద్ద అద్దం ముందు పెట్టండి, చిన్నది చివర. ఇత్తడి పళ్ళెం మీది గీత చింతపండుకు పోయింది, గొట్టం మీది గీత అలాగే ఉంది, రెండోది మీరే వెతుక్కోవాలి. స్క్రూలు బిర్రుగా తిప్పకండి, గాజు వంకరపోతుంది. వేళ్ళు అంచులకే పరిమితం.

పూత వేసేవాళ్ళు దాన్ని చాలాసేపు చేతుల్లో పట్టుకుంటారు. వాళ్ళ పేర్లేమిటో, వాళ్ళది ఏ పేటో ఈపాటికి కనుక్కునే ఉంటారు. కోవూరులో అడుగుతారు.

ఇట్లు,
కె. ఆనందకుమారి, బి.ఎస్సీ.,
డిమాన్‌స్ట్రేటరు, ఫిజిక్సు శాఖ.